కేటలాగు నేర్పిన చదువు కుర్చీకి సరిపోతుందా? లైబ్రేరియన్ల నాయకత్వ విద్యలోని చిక్కుముళ్లు

యూనివర్సిటీ లైబ్రేరియన్ కావాలంటే ఏమేం ఉండాలో యూజీసీ 2018 నిబంధనల్లో రాసి ఉంది. లైబ్రరీ సైన్సులో 55 శాతం మార్కులతో పీజీ, పీహెచ్‌డీ, పదేళ్ల అనుభవం, టెక్నాలజీని కలుపుకొని లైబ్రరీ సేవల్లో ఏదైనా కొత్తగా చేసినట్టు ఆధారం. బాగానే ఉంది. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి మొదటి నెలలో ఎదురయ్యే పనులు చూడండి. ఎవరిని ఏ సెక్షన్‌లో వేయాలో తేల్చాలి. బడ్జెట్ కోత పడితే ఏ డేటాబేస్ వదులుకోవాలో ప్రొఫెసర్లను ఒప్పించాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆగిపోయిన ఫైలు కదిలించాలి. ఇరవై ఏళ్లుగా ఒకే కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి కొత్త సాఫ్ట్‌వేర్ అలవాటు చేయాలి. వీటిలో ఎప్పుడైనా తర్ఫీదు పొందారా అని ఆ అర్హతల జాబితా అడగదు.

ఈ లోటు పాతదే. ఇప్పుడు ఇంకా బయటపడటానికి ఒక కారణం ఉంది. 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమల్లోకి వచ్చింది. మూడేళ్లకు కేంద్రం రూ. 6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000, ఒకే ఒప్పందం కింద 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందాలన్నది ప్రణాళిక. ఏ జర్నల్ తెప్పించాలి, ధర ఎంతకు తేల్చాలి, రెన్యువల్ ఎప్పుడు అనే పనిలో పెద్ద భాగం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే జాతీయ లైబ్రరీ నెట్‌వర్క్ కేంద్రం స్థాయికి వెళ్లిపోయింది. మరి ప్రభుత్వ యూనివర్సిటీ లైబ్రేరియన్ బల్ల మీద మిగిలిందేమిటి? సిబ్బంది, స్థలం, ఉన్న కాస్త బడ్జెట్, వచ్చిన జర్నళ్లను నిజంగా వాడించే పని. అంటే మనుషులతో పనే ఎక్కువ మిగిలింది. ప్రైవేటు కాలేజీలు ప్రస్తుతానికి ఈ పథకం బయటే ఉన్నాయి కాబట్టి అక్కడి లైబ్రేరియన్లకు ఈ పనితోపాటు పాత బేరాలూ తప్పలేదు.

అందుకే లైబ్రరీ రంగంలో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా నాయకత్వం నేర్పే పీజీ స్థాయి చదువు కావాలన్న మాట వినిపిస్తోంది. ఆ చదువు ఎలా ఉండాలన్న దగ్గరే అభిప్రాయాలు చీలిపోతాయి.

పరిపాలన, నిర్వహణ, నాయకత్వం: ఒక పోయిన పుస్తకం కథ

ముందు మాటల గందరగోళం తీర్చుకుందాం. తెలుగులో 'నాయకుడు' అనగానే ఖద్దరు చొక్కా గుర్తొస్తుంది. 'లైబ్రరీలో నాయకుడు' అంటే యూనియన్ నాయకుడో, గ్రంథాలయ సంస్థ ఛైర్మనో అనుకుంటారు. ఈ చర్చలో ఆ మాటకు అర్థం వేరు. పుస్తకాలు పోవడం అనే రోజువారీ సమస్యతో తేడా చెప్పుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు, అంటే జీఎఫ్ఆర్ 2017, లైబ్రరీ స్టాక్ వెరిఫికేషన్ గురించి స్పష్టంగా చెబుతాయి. 20,000 పుస్తకాల లోపుంటే ఏటా మొత్తం లెక్క చూడాలి. 20,000 నుంచి 50,000 వరకు ఉంటే కనీసం మూడేళ్లకోసారి. అంతకు మించితే మూడేళ్లు దాటకుండా శాంపిల్ లెక్క. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే, అందులో మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకు, దాన్ని సహజ నష్టంగా తీసుకోవచ్చు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ జరగాలి.

ఒక లైబ్రరీలో ఏడాదికి 60,000 పుస్తకాలు చేతులు మారాయనుకుందాం. నిబంధన ప్రకారం 300 వరకు పోయినా లైబ్రేరియన్ మెడకు చుట్టుకోకూడదు. ఈ నిబంధన తెలిసి ఫైలు సరిగా రాయడం పరిపాలన. వెరిఫికేషన్‌కు మనుషుల్ని, రోజుల్ని కుదిర్చి, చదువరులకు ఇబ్బంది లేకుండా పని పూర్తి చేయడం నిర్వహణ. ఇక మూడోది. పోయిన పుస్తకానికి జీతంలోంచి కోత పడుతుందన్న భయంతో బీరువాలకు తాళాలు వేసిన లైబ్రరీలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. 'ఈ నిబంధన ఉంది, ఈ లెక్క ఉంది, తాళాలు తీద్దాం' అని ప్రిన్సిపాల్‌ను, ఆడిటర్‌ను, అన్నిటికన్నా ముందు భయపడుతున్న తన సొంత సిబ్బందిని ఒప్పించి అల్మరాలు తెరిపించడం నాయకత్వం. ఈ మూడింటికీ ఆధారం ఒకే నిబంధన. మూడో పనికి మాత్రం ఆ నిబంధన నంబరు తెలిస్తే చాలదు.

ఇప్పటి ఎంఎల్‌ఐఎస్సీలో ఏం చెబుతున్నారు

లైబ్రరీ సైన్సు పీజీ అయిన ఎంఎల్‌ఐఎస్సీలో దీని గురించి ఏమీ చెప్పడం లేదనడం అన్యాయం. మేనేజ్‌మెంట్ పేపరు ఉంటుంది. లూథర్ గులిక్ 1937లో పెట్టిన పోస్డ్‌కార్బ్ సూత్రం (ప్రణాళిక నుంచి బడ్జెట్ దాకా నిర్వాహకుడి ఏడు పనులకు ఇంగ్లిష్ పొడి అక్షరాలు) లైబ్రరీ సైన్సు విద్యార్థులందరికీ కంఠతా వస్తుంది. ప్రేరణ సిద్ధాంతాలు, టోటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్, పనుల వరస, గడువు లెక్కగట్టే పెర్ట్, సీపీఎం పటాలు కూడా ఉంటాయి. అంతర్జాతీయ లైబ్రరీ సంఘాల సమాఖ్య ఇఫ్లా 2022 మార్గదర్శకాల్లో పేర్కొన్న ఎనిమిది మూల జ్ఞాన రంగాల్లో మేనేజ్‌మెంట్ ఒకటి. కాబట్టి కాగితం మీద లోటు లేదు.

ఇబ్బందల్లా ఎవరికి, ఎప్పుడు చెబుతున్నామన్న దాంట్లో ఉంది. ఇరవై మూడేళ్ల అమ్మాయికి 'సిబ్బంది మధ్య తగాదా తీర్చడం ఎలా' అన్న ప్రశ్నకు పది మార్కుల జవాబు వస్తుంది. ఆమె కింద ఇంకా ఒక్కరూ పనిచేయలేదు. పన్నెండేళ్ల తర్వాత నిజంగా తగాదా వచ్చేసరికి ఆ జవాబు గుర్తుండదు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు రెండు వారాల రిఫ్రెషర్ కోర్సులున్నాయి. పదోన్నతికి ఆ సర్టిఫికెట్ అవసరం కాబట్టి హాజరవుతారు. రెండు వారాల్లో రోజుకో వక్త వచ్చి రోజుకో విషయం చెబితే సమాచారం అందుతుంది, తీరు మారడం అనుమానమే.

కోర్సు లేకుండా ఎదిగిన పెద్దలు: అవును, కానీ...

'గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య ఏ లీడర్‌షిప్ డిప్లొమా చేశారండీ?' అని అడిగేవాళ్లున్నారు. వాళ్లతో వాదించడం అంత తేలిక కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టింది కోర్సులు చేసినవాళ్లు కారు. 1935లో పాతూరి నాగభూషణం కాలువలో బోటు లైబ్రరీ నడిపించి పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య ఊళ్లకు పుస్తకాలు చేరవేయడానికి ఏ సెమిస్టరూ అక్కరలేకపోయింది. ఊరి అవసరం కనిపించింది, కాలువ ఉంది, పడవ కట్టించారు.

దీనికి ఎదురువాదం ఒకటుంది. వాళ్లు ఉద్యోగులు కారు, ఉద్యమకారులు. పడవ కొనడానికి మూడు కొటేషన్లు పిలవాల్సిన పని లేదు. 1960 గ్రంథాలయ చట్టంతో ఉద్యమం శాఖగా మారింది. దాంతో గ్రేడ్లు, జీతాలు, ఫైళ్లు, ఆడిట్ అభ్యంతరాలు వచ్చాయి. ఈ చట్రం లోపల ఉండి పని జరిపించడం వేరే విద్య. అది ఆవేశంతో రాదు, నేర్చుకోవాలి.

ఈ రెండు వాదాల మధ్య నాకు ఎక్కువ పనికొచ్చేలా కనిపించేది భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ అనుభవం. 1924 జనవరిలో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరేనాటికి ఆయన లెక్కల మాస్టారు. లైబ్రరీ చదువు చదవలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక కొద్దిరోజులకే పాత ఉద్యోగానికి తిరిగి వస్తానని కాలేజీకి వెళ్లారని చెబుతారు. ముందు లండన్ వెళ్లి రమ్మని కాలేజీవాళ్లు అన్నారు. అక్కడ యూనివర్సిటీ కాలేజీ పాఠాలకన్నా, గురువు బెర్విక్ సేయర్స్ పనిచేసే క్రాయిడన్ లైబ్రరీ, ఆ తర్వాత ఊరూరా తిరిగి చూసిన లైబ్రరీలు ఆయన్ని మార్చాయి. ఒకేలా ఉండాల్సిన సేవ ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఎందుకుందని పోల్చుకుంటూ పోయారు. తిరిగొచ్చి 1929లో మద్రాసులో శిక్షణ మొదలుపెట్టించారు, 1931లో లైబ్రరీ సేవ ఎలా ఉండాలో చెప్పే పంచసూత్రాలు ప్రచురించారు.

ముందు కుర్చీ, తర్వాత చదువు, అదీ ఇతరుల లైబ్రరీలు కళ్లారా చూస్తూ. కోర్సు రూపకల్పన చేసేవాళ్లకు ఈ వరస చాలా విషయాలు చెబుతుంది.

ఎప్పుడు నేర్పాలి: గంటల లెక్క వేసి చూద్దాం

అమెరికాలో బోస్టన్‌లోని సిమన్స్ కాలేజీ దాదాపు ఇరవై ఏళ్ల కిందట ఈ వరసనే పట్టుకుంది. సమాచార రంగంలో నాయకత్వంపై అది మొదలుపెట్టిన పీహెచ్‌డీ, అప్పటికే లైబ్రరీల్లో బాధ్యతల్లో ఉన్నవాళ్ల కోసం. ఒక బ్యాచ్‌గా చేరినవాళ్లు కలిసే ముందుకు సాగారు. అధ్యాపకుల పక్కనే పెద్ద లైబ్రరీలు నడిపిన డైరెక్టర్లు పాఠం చెప్పారు. ఆసుపత్రుల నిర్వాహకుల కోసం తయారైన నైపుణ్యాల నమూనాను తెచ్చి మార్పు, కార్యసాధన, మనుషులు అనే మూడు రంగాలుగా లైబ్రరీలకు సర్దుకున్నారు.

మన దగ్గర అలాంటిది పెడితే మొదటి అడ్డంకి సమయం. జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఏడాది చదువంటే 40 క్రెడిట్లు, 1,200 గంటలు. జిల్లా గ్రంథాలయంలో పనిచేస్తున్న ఒకావిడ వారానికి 12 గంటలు కేటాయించగలదనుకుందాం. ఇల్లు, పిల్లలు, సాయంత్రం డ్యూటీ చూస్తే అదే ఎక్కువ. 1,200ను 12తో భాగిస్తే 100 వారాలు, అంటే దగ్గరదగ్గర రెండేళ్లు. పేరుకు ఏడాది డిప్లొమా, చేతికి వచ్చేసరికి రెండేళ్లు.

దీనికి మూడు మార్గాలు చెబుతున్నారు. సగానికి తగ్గించి 20 క్రెడిట్ల సర్టిఫికెట్ చేయడం ఒకటి. దాంతో పదోన్నతిలో గుర్తింపు రాకపోవచ్చు, గుర్తింపు లేనిదానికి సెలవు దొరకదు. రెండోది పూర్తి దూరవిద్య. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో లైబ్రరీ సైన్సును ఎప్పటినుంచో దూరవిద్యలో చెబుతున్నాయి కాబట్టి దారి కొత్తది కాదు. అయితే నాయకత్వం నేర్చుకోవడంలో తోటివాళ్లతో వాదన సగం పాఠం. పుస్తకం పోస్టులో వస్తుంది గానీ వాదన రాదు. మూడోది ఉద్యోగంలో చేస్తున్న పనినే చదువులో భాగంగా లెక్కించడం. ఆమె ఎలాగూ చేయాల్సిన పని, ఒక బ్రాంచి పునర్వ్యవస్థీకరణో, పిల్లల విభాగమో, కోర్సు ప్రాజెక్టు అవుతుంది. నా మొగ్గు దీనివైపే. ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. పై అధికారి సహకరించకపోతే ప్రాజెక్టు ఆగుతుంది, డిగ్రీ కూడా ఆగుతుంది.

ఎవరు నేర్పాలి: ఎంబీఏ వాళ్లా, లైబ్రరీ సైన్సు వాళ్లా

మేనేజ్‌మెంట్ స్కూళ్లకు అప్పగించమనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. బడ్జెట్, బేరం, మనుషుల నిర్వహణ ఎక్కడైనా ఒకటే, వాళ్లకు వందల కేసులు తెలుసు. లైబ్రరీ వాళ్లు లైబ్రరీ వాళ్లకే చెప్పుకుంటే బావిలో కప్పల్లా ఉండిపోతారు. అవతలివాళ్లు అనేది ఏమిటంటే, అక్కడి ఉదాహరణలన్నీ లాభం చుట్టూ తిరుగుతాయి. ఉచితంగా ఇచ్చే సేవకు 'కస్టమర్' ఎవరన్న ప్రశ్నకే అక్కడ జవాబుండదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే రెండు వైపులా ఎంత నిజముందో తెలుస్తుంది. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో గానీ, ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో గానీ పొద్దున్నే చూడండి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, పోలీసు ఉద్యోగాలకో చదివే యువత నిండి ఉంటుంది. ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకుంటారు. లైబ్రరీ పుస్తకం తీసేవాళ్లు తక్కువ. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టు కుర్చీ మీద బ్యాగు పెట్టి టిఫినుకు వెళతారు. పేపరు చదవడానికొచ్చిన పెద్దాయన నిలబడే చదివి వెళ్లిపోతాడు. పిల్లలు రావడం ఎప్పుడో మానేశారు. ఊహకు 120 కుర్చీలు, 200 మంది అభ్యర్థులు, నలుగురు సిబ్బంది అనుకోండి, అందులో ఇద్దరు ఔట్‌సోర్సింగ్.

బోల్మన్, డీల్ అనే అమెరికా పండితులు సంస్థను నాలుగు కోణాల్లోంచి చూడమన్నారు. హార్వర్డ్‌లో కాలేజీ లైబ్రేరియన్లకు నడిపిన నాయకత్వ శిబిరంలో ఈ చట్రాన్నే వాడారు. మన రీడింగ్ రూమ్‌కు పెట్టి చూద్దాం.

మొదటిది నిర్మాణం. టోకెన్లు పెట్టడం, అరగంట దాటి ఖాళీగా ఉన్న కుర్చీ వేరేవాళ్లకు ఇవ్వడం, పేపర్ల హాలు వేరుచేయడం, పొద్దున ఆరింటికే తెరవడం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఇది సర్క్యులర్‌తో అయిపోతుంది.

రెండోది మనుషులు. ఆరింటికి తెరిచేదెవరు? పర్మినెంట్ ఉద్యోగి రానంటే ఆ డ్యూటీ ఔట్‌సోర్సింగ్ కుర్రాడి మీద పడుతుంది. తక్కువ జీతం, ఎక్కువ గంటలు. నాలుగు నెలల్లో అతను మానేస్తాడు.

మూడోది రాజకీయం, అంటే ఎవరి మాటకు ఎంత బరువుందో చూసుకోవడం. అభ్యర్థులు ఓటర్లు, గట్టిగా అడగగలరు, నోటిఫికేషన్ ఆలస్యమైతే ధర్నా కూడా చేయగలరు. పెద్దాయన ఒక్కడు, మహా అయితే పత్రికకు ఉత్తరం రాస్తాడు. పిల్లలకు ఆ నోరు కూడా లేదు. లైబ్రేరియన్ ఏమీ చేయకుండా కూర్చున్నా ఎవరో ఒకరి పక్షం వహించినట్టే.

నాలుగోది అర్థం. ఆ గదిని ఊరు ఏమనుకుంటోంది? 'చదువుకోవడానికి ఫ్యాను, లైటు ఉన్న ఉచిత హాలు' అనుకుంటే పుస్తకాల బడ్జెట్ ఎందుకని రేపు ఎవరైనా అడుగుతారు. కొందరు లైబ్రేరియన్లు దీన్నే తిరగేసి వాడుకుంటారు. ఉద్యోగం వచ్చినవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద రాసి, 'ఈ కుర్చీలు ఇన్ని ఇళ్లలో దీపం పెట్టాయి' అని చూపించి నిధులు అడుగుతారు. అది తెలివైన పనే. పిల్లల విభాగం మాత్రం ఆ లెక్కలో కనిపించదు.

ఈ చట్రం మేనేజ్‌మెంట్ నుంచి వచ్చింది, అందులోకి వెళ్లిన సరుకంతా లైబ్రరీది. ఒకే కేసును ఇద్దరు అధ్యాపకులు, ఒకరు మేనేజ్‌మెంట్ నుంచి, ఇంకొకరు నిజంగా జిల్లా గ్రంథాలయం నడిపినవారు, ఒకే గదిలో కలిసి చెబితే సరిపోతుందనిపిస్తుంది. యూనివర్సిటీ టైంటేబుల్స్‌లో ఇద్దరికి ఒకే పీరియడ్ లెక్క కట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఇక్కడ నవ్వుకుంటారు.

'అధికారమే లేనిచోట నాయకత్వం దేనికి?'

ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. కోర్సు సమర్థకులు దీన్ని తేలిగ్గా దాటేస్తుంటారు. పోస్టులు ఖాళీ. ఒక్కరికే రెండు మూడు శాఖల ఇన్‌ఛార్జి. జిల్లా గ్రంథాలయ సంస్థకు ఛైర్మన్ ప్రభుత్వం నియమించిన వ్యక్తి, కార్యదర్శి శాఖ అధికారి. కొనుగోళ్ల నిర్ణయం ఎక్కడో పైన. ఇలాంటిచోట లైబ్రేరియన్‌ను 'దార్శనికుడివి కా' అనడం, వ్యవస్థ చేయాల్సిన పనిని వ్యక్తి నెత్తిన రుద్దడమేనన్నది ఈ వాదన. ఇందులో నిజం చాలా ఉంది. ఖాళీ పోస్టును ఏ కోర్సూ నింపదు.

అయినా చేతిలో ఉన్న కొద్ది అధికారంతో ఏం చేయవచ్చన్నది నేర్పదగిన విషయమే. గ్రంథాలయ సెస్సు చూడండి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఒక మున్సిపాలిటీ ఏడాదికి రూ. 10 కోట్ల ఆస్తి పన్ను వసూలు చేసిందనుకుందాం. సెస్సు రూ. 80 లక్షలు. జమ చేసింది రూ. 25 లక్షలే అయితే బకాయి రూ. 55 లక్షలు. రెండేళ్లు ఇలాగే నడిస్తే రూ. 1 కోటి 10 లక్షలు.

కార్యదర్శి ఏటా ఒక ఉత్తరం రాస్తారు. 'పరిశీలిస్తాం' అని జవాబు వస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు. చట్టం ఆయన వైపే ఉంది. ఇల్లున్న ప్రతివాడూ ఆ 8 పైసలు కట్టేశాడు కాబట్టి అది మున్సిపాలిటీ సొమ్ము కూడా కాదు. మరి ఎందుకు రావడం లేదు? కమిషనర్‌కు జీతాలు, వీధి దీపాలు, డ్రైనేజీ ముందు, లైబ్రరీ చివర. ఆయన వరస మార్చాలంటే ఉత్తరం చాలదు. వార్డులవారీగా సభ్యుల లెక్క తీసి కౌన్సిలర్లకు ఇవ్వడం, ఒకేసారి మొత్తం అడగకుండా నెలవారీ వాయిదాలకు ఒప్పించడం, మొదటి వాయిదాతో కట్టిన పిల్లల గదిని కమిషనర్ చేతే ప్రారంభింపజేయడం, ఛైర్మన్ రాజకీయ పరిచయాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం... ఇవన్నీ కార్యదర్శి అధికారంలో ఉన్నవే.

మార్కులు దేనికి వేయాలి

కోర్సు పెట్టేవాళ్లు చివర్లో చూసుకునేదీ, అభ్యర్థులు మొట్టమొదట అడిగేదీ ఇదే. మూడు గంటల రాత పరీక్ష పెడితే మళ్లీ పోస్డ్‌కార్బ్ కంఠతానే. పని ఫలితానికి మార్కులంటే అదృష్టానికి మార్కులు వేసినట్టవుతుంది. మంచి కమిషనర్ దొరికినవాళ్లు పాస్, దొరకనివాళ్లు ఫెయిల్. పై అధికారి నివేదికకు వేస్తే, ఆ అధికారితో పేచీ పెట్టుకునే ధైర్యం ఎవరూ చేయరు. నాయకత్వ కోర్సులో అంతకన్నా విడ్డూరం ఉండదు.

కొంత ఆశ కలిగించే పద్ధతి ఒకటుంది. సెస్సు బకాయి ప్రాజెక్టు తీసుకున్న వ్యక్తి ఏడాది పొడవునా ఒక డైరీ రాస్తారు. ఎవరిని కలిశారు, ఏం ఊహించి వెళ్లారు, ఏం జరిగింది, తర్వాత ఏం మార్చుకున్నారు. ఫైలు కాపీలు జతచేస్తారు. వైవాకు వచ్చేది ఒక ప్రొఫెసర్, పక్క జిల్లాలో పనిచేసిన ఒక కార్యదర్శి. వాళ్లు చూసేది వసూలైన మొత్తాన్ని కాదు. మార్చి నెలలో రాసిన ఉత్తరానికీ అక్టోబరులో రాసిన ఉత్తరానికీ మధ్య ఏం తేడా వచ్చింది, ఆ తేడా ఎందుకు వచ్చిందో అభ్యర్థి చెప్పగలుగుతున్నారా అన్నదే. ఒక్క రూపాయీ రాని ఫైలుకు 80 మార్కులు పడొచ్చు. వచ్చిన చెక్కు జిరాక్స్ పెట్టి ఊరుకున్న ఫైలుకు 40 పడొచ్చు.